డెబ్బయ్యో నంబరు పని

అల్యూమినియం దిమ్మె ఒకటి ఫ్యాక్టరీ గుమ్మంలోకి వచ్చిన దగ్గర్నుంచి వాల్వు బాడీగా మారి అట్టపెట్టెలోకి ఎక్కేదాకా ఏ యంత్రం దగ్గర ఆగాలో, ఎవరి చేతుల్లో ఎన్ని నిమిషాలుండాలో కాగితం మీద రాసేవాడు సదాశివం. కొలువు పేరు ప్రాసెస్ ప్లానింగ్ ఇంజనీరు. పదో నంబరు పని కోత, ఇరవయ్యోది మిల్లింగు, నలభయ్యోది డ్రిల్లింగు. ఇలా పదేసి చొప్పున అంకెలు వేసుకుంటూ పోవడం ఆ వృత్తిలో ఆచారం. ఏదైనా మరిచిపోయి తర్వాత గుర్తొస్తే మధ్యలో దూర్చడానికి తొమ్మిది ఖాళీలుంటాయి. మనిషి మరిచిపోతాడని ముందే ఒప్పుకున్న కాగితం ఇదొక్కటేనని సదాశివం మురిసిపోయేవాడు. ఇంగ్లండులోని ఆ స్విండన్ ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో మురవడానికి అతనికి వేరే ఏమీ లేదు మరి.

2014 మార్చిలో తగువంతా డెబ్బయ్యో నంబరు దగ్గర వచ్చింది.

అది యంత్రం మీద చేసేది కాదు, బల్ల ముందు కూర్చుని చేత్తో చేసే పని. వాల్వు బాడీలో అడ్డంగా నిలువుగా పద్నాలుగు రంధ్రాలుంటాయి. అవి లోపల ఒకదాన్నొకటి దాటే అంచున సన్నటి లోహపు పొర లేచి ఉంటుంది, గోరు పక్కన లేచిన చర్మంలాగా. దాన్ని బర్ అంటారు. అది ఎప్పుడో క్రేనును నడిపే నూనెలో ఊడిపడిందంటే వాల్వు ఇరుక్కుంటుంది, వాల్వు ఇరుక్కుంటే పైకి లేచిన క్రేను చెయ్యి పైనే ఉండిపోతుంది. అందుకని ముగ్గురు మనుషులు కొక్కెంలా వంగిన చిన్న బ్లేడును ఒక్కో రంధ్రంలోకీ దూర్చి, కంటికి కనపడని ఆ అంచును వేలి కొసతో ఆనవాలు పట్టి గీకి తీస్తారు. ఒక ముక్కకు పదకొండు నిమిషాలని సదాశివం కాగితంలో ఉంది.

"కస్టమరు ధర తగ్గించమని కూర్చున్నాడు," అన్నాడు ఆపరేషన్స్ మేనేజరు గ్రేమ్, ఆ కాగితం సదాశివం బల్ల మీద పెట్టి. "మిగతావన్నీ యంత్రాలు, వాటిని తొందరపెట్టలేం. ఈ పదకొండు ఒక్కటే నాకు కంట్లో నలుసులా ఉంది. సోమవారం మళ్ళీ టైం స్టడీ చెయ్యి."

"ఎవరి మీద?"

"ఆ ఇండియన్ లేడీ మీద. కాలిన్ మీద చేస్తే నాకు పదిహేను వస్తుంది."

గ్రేమ్ మాటలో అబద్ధం లేదు. స్టాప్‌వాచీ పట్టుకున్న మనిషి బల్ల దగ్గరికి వస్తున్నాడంటే చాలు, కాలిన్ తీరు మారిపోయేది. ముప్ఫై ఏళ్ళుగా ఆ బల్ల ముందు కూర్చున్నవాడు. గడియారం మొదలవగానే కళ్ళద్దాలు తీసి తుడుచుకునేవాడు. గుడ్డ కోసం లేచి అల్లంత దూరం నడిచేవాడు. ఒక్కో రంధ్రాన్నీ టార్చి వెలుగులో మూడేసిసార్లు, నగ కొనే మనిషిలా, చూసేవాడు. అది మోసం కాదు. ఈ రోజు గడియారం కింద ఎంత చేస్తే రేపటి నుంచి రిటైరయ్యేదాకా అంత చెయ్యాలని ఆ ఫ్లోరు మీద ప్రతివాడికీ తెలుసు. కొత్తగా చేరినవాడికి పాతవాడు మొదటివారమే చెవిలో వేసే సంగతి అది.

ప్లానరుకూ తెలుసు. అందుకే ఆ ఫారంలో రేటింగ్ అని ఒక గడి ఉంటుంది. మనిషి మామూలు వేగంతో చేస్తే వంద వేయాలి. కాలిన్‌లా సాగదీస్తే డెబ్బై ఐదు. పరిగెత్తితే నూట ముప్ఫయ్యో నలభయ్యో. గడియారం చూపిన కాలాన్ని ఆ అంకెతో సవరించాకే అసలు కాలం లెక్కకొస్తుంది. గడియారం దారి గడియారానిది, కానీ ఆ గడిలో అంకె మాత్రం చూసేవాడి మనసులోంచి రావాల్సిందే.

గ్రేమ్ చెప్పిన ఆ ఇండియన్ లేడీ, బేబీకి ఈ సంగతులేవీ ఎవరూ చెవిలో వేయలేదు. కాలిన్‌కు ఆమె ఇంగ్లీషు సగమే అర్థమయ్యేది, ఆమెకు కాలిన్ ఇంగ్లీషు అసలు అర్థమయ్యేది కాదు. తణుకు పక్క మనిషి, యాభై దాటింది. గుడిలో సదాశివానికి పరిచయమైతే అతనే ఏజెన్సీకి పేరు చెప్పి ఇక్కడ చేర్పించాడు. ఏడాది కావస్తోంది. పర్మినెంటు వాళ్ళు నీలం కోటు తొడుక్కుంటే ఆమె ఏజెన్సీ వాళ్ళ పసుపు కోటు తొడుక్కునేది. వచ్చే వారం పని ఉందో లేదో ప్రతి గురువారం సాయంత్రం ఫోనుకు మెసేజీ వచ్చేది. ఆ మెసేజీ వచ్చేదాకా ఆమె పొయ్యి వెలిగించేది కాదని కూతురు రిషిత ఒకసారి నవ్వుతూ చెప్పింది. నడుం నొప్పితో భర్త పని మానేసి రెండేళ్ళయింది. ఏప్రిల్ నుంచి నీలం కోటు ఇప్పిస్తానని గ్రేమ్ తన నోటితో అన్నాడు. బేబీ ఆ నెల పేరు జపంలా తలుచుకుంటూ ఉంది.

సోమవారం పది గంటలకు సదాశివం ఫారం బిగించిన అట్ట, స్టాప్‌వాచీ పట్టుకుని వెళ్ళాడు. వెనకే గ్రేమ్ వచ్చి చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"గుడ్ మార్నింగ్ సార్," అంది బేబీ. నలుగురిలో సార్, క్యాంటీన్‌లో బాబూ. ఆ తేడా ఆమె ఏనాడూ తప్పలేదు.

"రోజూ చేసినట్లే చేయండి ఆంటీ. తొందరేం లేదు."

ఆమె తలూపింది. తలూపుతూనే పసుపు కోటు చేతులు మోచేతి పైకి మడిచింది. కుడిచేతి తొడుగు విప్పి పక్కన పెట్టింది. పది ముక్కలు ఎడమవైపు వరసగా పేర్చుకుంది. సదాశివం మీట నొక్కాడు.

రోజూ ఆమె ఒక రంధ్రం గీకి, టార్చి వేసి చూసి, ఇంకో రంధ్రానికి వెళ్ళేది. ఇవాళ టార్చి ముట్టుకోలేదు. ముక్కను ఎడమ అరచేతిలో ఇరికించుకుని, ఇటువైపు ఏడు రంధ్రాలూ గుక్క తిప్పుకోకుండా గీకి, ఒక్కసారి తిప్పి, అటువైపు ఏడూ గీకింది. బ్లేడు లోపలికి వెళ్ళిన శబ్దం, వచ్చిన శబ్దం తప్ప ఇంకేం లేదు. బ్రష్షు పెట్టి తోసింది. గాలి గొట్టం కోసం చెయ్యి చాచినప్పుడు చూపు తిప్పలేదు, చేతికి దాని చోటు తెలుసు. చిటికెన వేలితో అంచులు తడిమి, ముక్కను కుడివైపు పెట్టి రెండోది అందుకుంది.

పక్క బల్ల దగ్గర కాలిన్ దగ్గాడు. కాసేపాగి మళ్ళీ, ఇంకా గట్టిగా. ఆమె తలెత్తలేదు. కాలిన్ చేతిలోని ఆకురాయిని కావాలనే కింద పడేశాడు. ఖంగుమన్న ఆ చప్పుడుకు మూడో బల్ల మారెక్ కూడా ఉలిక్కిపడ్డాడు. బేబీ మాత్రం నాలుగో ముక్క మీద ఉంది. పదిన్నరకు టీ గంట కొడితే అందరూ లేచారు, ఆమె లేవలేదు. పాపిడి దగ్గర చెమట పట్టింది. మార్చి నెలలో ఆ షెడ్డులో చెమట పట్టిన మనిషిని సదాశివం అప్పటిదాకా చూడలేదు.

ఈమె ఎందుకిలా చేస్తోందో అతనికి మూడో ముక్క దగ్గరే అర్థమైంది. చూడవచ్చింది మనవాడు, పక్కన మనవాడి పైవాడు నిలబడ్డాడు. పెళ్ళిచూపుల్లో అమ్మాయి తరఫువాళ్ళలా ఆమె మనవాడి పరువు కాపాడుతోంది. ఆగమని చెప్పాలనుకున్నాడు. కొలత నడుస్తుండగా మాట్లాడకూడదన్నది నియమం. ఆ నియమం అతనికి ఎంత సుఖంగా ఉందో తర్వాత తలుచుకుంటే సిగ్గేసేది.

పది ముక్కల సగటు ఆరు నిమిషాల పది సెకన్లు. ఇన్‌స్పెక్షన్‌లో పదికి పదీ పాసయ్యాయి.

"అద్భుతం," అన్నాడు గ్రేమ్.

ఇక రేటింగ్ గడి మిగిలింది. నూట నలభై అని సదాశివం మనసు నిస్సంకోచంగా చెబుతోంది. నూట నలభై వేసి విశ్రాంతి కాలం కలిపితే పదికి కొంచెం తక్కువ వస్తుంది. న్యాయమైన కాలం అదే. కలం గడి మీదికి వచ్చింది.

"ఆవిడ్ని తెచ్చింది నువ్వే కదూ?" అన్నాడు గ్రేమ్ భుజం మీదుగా చూస్తూ. "మీ ఊరివాళ్ళా?"

అందులో దురుద్దేశం ఏమీ లేదు. వాతావరణం గురించి అడిగినట్టే అడిగాడు. కానీ సదాశివం కలం ఆగింది. నూట నలభై వేస్తే మనమనిషని వేశాడంటారు. ఎవరంటారు? ఎవరూ అనకపోవచ్చు. అనవచ్చు కూడా. నాలుగున్నరేళ్ళలో ఈ షెడ్డులో ఒక్కరి చేతా అనిపించుకోని మాట అది. కలం వంద అని రాసింది. రాసింది తన చెయ్యే అయినా సదాశివానికి ఎప్పుడు తలుచుకున్నా కలం రాసిందనే అనిపించేది.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో బేబీ టిఫిన్ డబ్బా పట్టుకుని ఎదురుగా వచ్చి కూర్చుంది. కుడి చూపుడువేలికి కొస దగ్గర ప్లాస్టరు చుట్టి ఉంది.

"ఎలాగుంది బాబూ? మీ పెద్దసారేవన్నాడు?"

"అద్భుతం అన్నాడు ఆంటీ."

"నువ్వు పక్కనుంటే నాకు కంగారేసేసింది. మనోళ్ళు ఇంతే, నత్తనడక అనేత్తాడేమోనని. నీకు మాట రాకూడదు కదా." పప్పుచారు మూత తీసి అతని ముందుకు జరిపింది. "తిను. ఇవాళ వాయించేశాను."

సదాశివం తిన్నాడు. ఏం తిన్నాడో తెలియలేదు.

మంగళవారం కొత్త కాగితం వచ్చింది. డెబ్బయ్యో నంబరు పనికి ఏడు నిమిషాలు. రోజుకు నూట పది ముక్కలు. పదకొండు నిమిషాల లెక్కన అది ముగ్గురి పని. ఏడు నిమిషాల లెక్కన ఇద్దరి పని. ఈ గుణకారం ఎవరైనా చెయ్యగలరు. గ్రేమ్ బుధవారం పొద్దున్నే చేశాడు.

"కాలిన్, మారెక్ పర్మినెంటు. వాళ్ళను కదిపితే పెద్ద గొడవ," అన్నాడు. "ఏజెన్సీకి ఈ వారంతో చాలని చెబుతాను."

"ఆ ఏడు నిమిషాలు తెచ్చిందే ఆమె," అన్నాడు సదాశివం. అంతకంటే మంచి మాట తోచలేదు.

"నిజమే. వింతగా ఉంది కదూ?" గ్రేమ్ నిజంగానే బాధపడ్డాడు. మంచివాడే. ఆ మంచితనానికి నెలాఖరు రిపోర్టు దాకానే గడువు.

"గ్రేమ్, రేటింగ్ నేను తప్పు వేశాననుకుంటున్నా. ఆమె బాగా వేగంగా చేసింది. ఇంకోసారి కొలవనివ్వు."

గ్రేమ్ అతన్ని కాసేపు చూశాడు. "సోమవారం నేనూ అక్కడే ఉన్నాను. వంద వేశావు. ఇవాళ మారుస్తున్నావు." గొంతు పెంచలేదు. "సరే. రేపు మళ్ళీ చెయ్యి. ఆవిడ మీదే. పోల్చి చూడ్డానికి బాగుంటుంది. నేనూ వస్తాను."

సాయంత్రం నాలుగున్నరకు సదాశివం తన కారు వదిలేసి బస్‌స్టాపుకు నడిచాడు. బేబీ షెల్టరులో ఒక్కతే కూర్చుని ఉంది. జరిగింది చెప్పాడు, రేటింగ్ సంగతి తప్ప అంతా. ముగ్గురు ఇద్దరవుతారని విన్నప్పుడు ఆమె ముఖంలో రంగు మారలేదు, చేతిసంచి మాత్రం ఒళ్ళోకి లాక్కుంది.

"అదేంటి బాబూ. బాగా చేశానన్నారు కదా?"

"బాగా చేసినారు ఆంటీ. బాగా చేసినందుకే ఇట్లయింది. రేపు మళ్ళీ కొలుస్తాం. నిదానంగా చేయండి. కాలిన్ మాదిరి. పదకొండు నిమిషాలు రావాల."

"చేతకాని దానిలాగా చెయ్యమంటావా?"

"ఒక్కరోజు. మీ ఉద్యోగం కోసం."

బస్సు వచ్చింది. ఆమె లేచింది. "నువ్వు చెప్పావంటే మంచికే చెబుతావు. అలాగే చేత్తాను," అంది. మెట్టెక్కి వెనక్కి తిరిగి, "ఆ కళ్ళజోడాయన లాగా గుడ్డ కోసం లేవాలేంటి? నాకు నవ్వొచ్చేత్తది బాబూ," అంది. నిజంగానే నవ్వింది కూడా.

ఆ రాత్రి భోజనాల దగ్గర భార్య మనస్విని, "ఏమైంది, అట్ల కెలుకుతాండావు?" అంది. చెప్పాడు. ఆమె విని, పెరుగు గిన్నె అతని వైపు తోసింది.

"నువ్వే నిదానంగా చేయమన్యావని తెలిస్తే?"

"తెలీదులే."

"తెలిస్తే అంటాండా. మన వీసా పేపర్లు ఆ కంపెనీ చేతిలో ఉండాయి. ఐదు నెలలు ఆగితే ఇక్కడ ఉండిపోయేదానికి పర్మిషన్ వస్తాది. ఐదు నెలలు నోరు మూసుకోని ఉండలేవా?"

"నోరు మూసుకునే కదా ఇంతదాకా తెచ్చినా," అన్నాడు సదాశివం.

గురువారం పది గంటలకు ముగ్గురూ మళ్ళీ అదే బల్ల దగ్గర చేరారు. సదాశివం మీట నొక్కాడు. బేబీ ముక్క చేతిలోకి తీసుకుంది. టార్చి వేసి చూసింది, బాగానే ఉందనుకున్నాడు. బ్లేడు పెట్టింది. అంతే, చేతులు వాటి దారిన అవి వెళ్ళిపోయాయి. ఇటు ఏడు, అటు ఏడు. ఆరున్నర నిమిషాలకు పని పూర్తయింది. అప్పుడు గుర్తొచ్చింది కాబోలు, ముక్కను కుడివైపు పెట్టబోయి ఆగింది. రెండు చేతుల్లో పట్టుకుని దాన్నే చూస్తూ కూర్చుంది. గడియారం నడుస్తోంది. ఆమె కళ్ళు కాలిన్ వైపు వెళ్ళాయి, సదాశివం వైపు వచ్చాయి, మళ్ళీ ముక్క మీద వాలాయి. పనిని సాగదీయడం ఆమెకు రాదు. ఆపడం ఒక్కటే వచ్చు. కాలిన్ అంతటివాడికి ముప్ఫై ఏళ్ళు పట్టిన విద్య ఒక్క రాత్రిలో ఎలా వస్తుంది? పదకొండు నిమిషాలయ్యేదాకా ఆమె అలా బొమ్మలా కూర్చుని, అప్పుడు ముక్కను పక్కన పెట్టింది.

రెండో ముక్కా అంతే. మూడో ముక్క దగ్గర గ్రేమ్ చెయ్యెత్తి ఆపాడు. బల్ల మీదికి వంగి, ఒక్కో మాటా విడదీసి అడిగాడు.

"బేబీ. నిన్ను ఎవరైనా నెమ్మదిగా చెయ్యమన్నారా?"

షెడ్డులో యంత్రాలు ఆగలేదు. కానీ సదాశివానికి అన్నీ ఆగినట్టే వినిపించింది. నేనే అన్నాను. రెండు ముక్కల మాట. ఇంగ్లీషులో ఇంకా చిన్నది. అది నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె అతని వైపు చూడలేదు. చూస్తే గ్రేమ్ కూడా అటు చూస్తాడని చూడలేదు.

"నో సార్. నోబడీ." బేబీ కుడి చెయ్యి పైకెత్తి, ప్లాస్టరు చుట్టిన వేలు చూపించింది. "హ్యాండ్ పెయిన్ సార్. టుడే, హ్యాండ్ పెయిన్."

గ్రేమ్ నిటారుగా నిలబడ్డాడు. ముఖంలో అనుమానం పోయి ఇంకేదో వచ్చింది, ఇంచుమించు ఊరట. "చెయ్యి నొప్పా? ఎన్నాళ్ళ నుంచి? సోమవారం నుంచేనా?"

"ఎస్ సార్," అంది ఆమె. ఏది అడిగినా ఎస్ అనడమే క్షేమమనుకుంది.

"అయితే చెయ్యి నొప్పితో ఈ బల్ల ముందు కూర్చోబెట్టలేం. అది ఆమెకే మంచిది కాదు." గ్రేమ్ సదాశివం చేతిలోంచి అట్ట తీసుకుని, ఆ రోజు కొలతలున్న కాగితం అడ్డంగా కొట్టేశాడు. పక్కన చెయ్యి నొప్పి అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాడు. "సోమవారం లెక్కే నిలుస్తుంది. ఆమెను ఇంటికి పంపు. నేను ఏజెన్సీకి ఫోన్ చేస్తాను."

బేబీకి ఎంత అర్థమైందో సదాశివానికి తెలియదు. బ్లేడు తుడిచి పెట్టెలో పెట్టింది. బల్ల మీది పొడి బ్రష్షుతో ఊడ్చి, అరచేతిలోకి ఎత్తి డబ్బాలో పోసింది. గుమ్మం దగ్గర సదాశివం వెంటనడుస్తుంటే, "సరిగ్గానే చెప్పాను కదా బాబూ? నీ మీదికి రాలేదు కదా?" అంది నెమ్మదిగా.

"రాలేదు ఆంటీ," అన్నాడు. ఆ సాయంత్రం ఆమె ఫోనుకు మెసేజీ వచ్చింది. ఇక రావక్కర్లేదని.

సదాశివం తన బల్ల దగ్గరికి వచ్చేసరికి కాలిన్ అక్కడ నిలబడి ఉన్నాడు. "ఆవిడకు ఎవరూ చెప్పలేదా?" అని అడిగాడు. సదాశివం స్టాప్‌వాచీ సొరుగులో పెట్టాడు. "నేను రెండుసార్లు దగ్గాను," అన్నాడు కాలిన్, తన వంతు తప్పు తాను ఒప్పుకుంటున్నవాడిలా. వెళ్ళిపోయాడు.

మరుసటి వారం ఏడు నిమిషాల కాగితం కాలిన్, మారెక్ బల్లల మీదికి ఎక్కింది. కాలిన్ దాన్ని చదివాడు, గోడకు అంటించాడు, కూర్చున్నాడు. వాదించలేదు, యూనియన్ మాట ఎత్తలేదు. రోజూ చేసే నలభై ముక్కలు చేసి, చేతులు కడుక్కుని, నాలుగున్నరకు ఇంటికి వెళ్ళాడు. మారెక్ కాలిన్‌ను చూసి నలభై చేశాడు. సాయంత్రానికి ముప్ఫై మిగిలాయి. రెండో రోజుకు అరవై. గురువారానికి నీలం ట్రేలు ఒకదాని మీద ఒకటి పేరుకుని, ఫోర్క్‌లిఫ్టు తిరిగే దారిలోకి వచ్చాయి. కస్టమరు ఫోన్లు మొదలయ్యాయి.

శుక్రవారం మధ్యాహ్నం గ్రేమ్ సదాశివం దగ్గరికి వచ్చాడు. నవ్వుతూనే ఉన్నాడు. "డెబ్బయ్యో నంబరును పదకొండుకు మార్చెయ్యి. ఏడు ప్రయోగం అనుకుందాం. కాలిన్, మారెక్ శనివారాలు ఓవర్‌టైం వస్తామన్నారు."

అంతే. దేనికోసం సదాశివం వారం రోజులు నిద్రమానుకున్నాడో ఆ అంకెను మార్చడానికి ఆరు సెకన్లు పట్టలేదు. పాత అంకె చెరిపి కొత్త అంకె కొట్టి, ఎంటర్ నొక్కాడు.

"అయితే బేబీని పిలుద్దాం," అన్నాడు. "పదకొండంటే ముగ్గురి పనే కదా."

"ఓవర్‌టైంతో సరిపోతుంది." గ్రేమ్ తలుపు దగ్గర ఆగాడు. "పైగా ఆవిడ చెయ్యి బాగోలేదు కదా. రికార్డులో ఉంది. పాపం."

శనివారం సదాశివం బేబీ ఇంటికి వెళ్ళాడు. తిండి పొట్లాలు కట్టిచ్చే టేకవే షాపు మీద రెండు గదుల ఫ్లాటు. హాల్లో భర్త నడుం కింద దిండు పెట్టుకుని టీవీ చూస్తున్నాడు, సదాశివాన్ని చూసి శబ్దం తగ్గించాడు. రిషిత లాప్‌టాప్ ముందు పెట్టుకుని నేల మీద కూర్చుని ఉంది. బేబీ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"సమయానికి వచ్చావు బాబూ! నీకే ఫోన్ చేద్దామనుకుంటన్నాను. చిప్పెన్‌హామ్‌లో ఎవరో ఇదే పనికి మనుషుల్ని తీసుకుంటన్నారంట. రిషిత అప్లికేషన్ పెడతంది. ముందు చేసిన చోట నుంచి ఒక ఉత్తరం అడుగుతున్నారు. నువ్వు రాసిత్తావా?"

"రాస్తాను ఆంటీ. అంతకన్నా ముందు మీకొకటి చెప్పాల."

అప్పుడు చెప్పాడు. ఆ గడి గురించి, వంద గురించి, నూట నలభై గురించి. నిన్న పదకొండుకు మార్చిన సంగతి కూడా. దాచడానికి ఇక ఏమీ లేకుండా చెప్పాడు. బేబీ గుమ్మానికి ఆనుకుని నిలబడి విన్నది. టీవీలో బొమ్మలు శబ్దం లేకుండా కదులుతున్నాయి.

"అంటే," అంది చివరికి, "నేను మామూలుగా చేసినట్టు రాశావు."

"అవును."

"అది మామూలు కాదని నీకు తెలుసు."

"తెలుసు."

"మరెందుకు రాశావు?"

"గ్రేమ్ పక్కనే ఉన్యాడు. మనమనిషని ఎక్కువ వేసినాననుకుంటాడని."

బేబీ చేతిలో గుడ్డను మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది. "మనోడివని నేను ఒళ్ళు దాచుకోకుండా చేశాను," అంది. "నువ్వేమో మనదాన్నని రాయకుండా ఊరుకున్నావు." కేక వేసి ఉంటే సదాశివం భరించగలిగేవాడు. ఆమె కూర లెక్క చూసుకుంటున్నట్టు అంది. అతను తల వంచుకున్నాడు. క్షమించమన్న మాట ఆ గదిలో ఎక్కడ పెట్టినా పట్టేలా లేదు.

"సరే," అంది బేబీ, వచ్చి సోఫా అంచున కూర్చుంటూ. "అప్పుడు రాయలేకపోయావు. ఇప్పుడు రాయి. ఆరు నిమిషాల పది సెకన్లని రాయి. పదికి పదీ పాసయ్యాయని రాయి. చెయ్యికి ఏ నొప్పీ లేదని కూడా రాయి."

సదాశివం ఉలిక్కిపడ్డాడు. "ఆ అంకె వద్దు ఆంటీ. అది చూస్తే అక్కడ రోజూ అంతే చేయమంటారు. మీ చేతులు పోతాయి. బాగా పనిచేస్తుందని రాస్తాను, నమ్మకస్తురాలని రాస్తాను..."

"అందరికీ అదే రాత్తారు. నమ్మకస్తులని. మేం చేరేటప్పుడు ఎనిమిదిమంది వచ్చాం, ఎనిమిదిమందీ నమ్మకస్తులే." ఆమె రిషిత వైపు తిరిగింది. "ఏమ్మా?"

"జస్ట్ పుట్ ద నంబర్, అంకుల్," అంది రిషిత తలెత్తకుండా. "దే లైక్ నంబర్స్."

"రోజూ అంతే చేయమంటారు ఆంటీ," అన్నాడు సదాశివం మళ్ళీ. ఆ మాటకు తనకే బలం లేదని తెలుస్తోంది.

"చేత్తాను. ఎన్నాళ్ళు చేయగలిగితే అన్నాళ్ళు చేత్తాను. ముందు లోపలికి రానివ్వాలి కదా బాబూ, వాళ్ళు."

రిషిత లాప్‌టాప్‌ను అతని ఒళ్ళోకి జరిపింది. సదాశివం పేరు రాశాడు, తేదీ రాశాడు. చేసిన పని ఏమిటో రాశాడు. సగటు కాలం దగ్గర వేళ్ళు ఆగాయి. బేబీ పక్కన కూర్చుని తెర మీదికి వంగి చూస్తోంది. ఆమెకు ఇంగ్లీషు నెమ్మదిగా వస్తుంది కానీ అంకెలు తెలుసు. అతను ఆరు కొట్టాడు, నిమిషాలు అని రాశాడు, పది కొట్టాడు.

"ఇప్పుడు సరిపోయింది," అంది బేబీ. లేచి, ఉత్తరం అచ్చు వేయించడానికి వీధి చివరి షాపు ఎన్నింటిదాకా తెరిచి ఉంటుందో భర్తను అడిగింది.